ఇంట్లో రౌటర్ ఉండగా కంప్యూటర్‌లోని ఫైర్‌వాల్ ఆపేయవచ్చా?

అద్దెపోర్షన్:
మా డెస్క్‌టాప్‌లో విండోస్ 11 ఉంది. దానికి కలిపిన ప్రింటర్‌ను మా అమ్మాయి తన ల్యాప్‌టాప్ నుంచి కూడా వాడుకునేది. ఇటీవల నెట్ కనెక్షన్ మార్చి కొత్త రౌటర్ పెట్టించాం. అప్పటి నుంచి ల్యాప్‌టాప్‌కు డెస్క్‌టాప్ కనిపించడం మానేసింది. రెండింటిలోనూ ఇంటర్నెట్ మాత్రం బాగానే వస్తోంది. మరమ్మతు చేసే అబ్బాయి వచ్చి డెస్క్‌టాప్‌లో ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్లను వడకట్టే కాపలా ప్రోగ్రామ్) ఆపేయగానే ప్రింటు వచ్చింది. రౌటర్ ఉంది కాబట్టి ఇలాగే వదిలేయమని చెప్పి వెళ్ళాడు. మా తమ్ముడు అలా వదలకూడదంటున్నాడు. ఎవరి మాట వినాలి?

కేబుల్‌పని:
ఆ అబ్బాయి చెప్పింది సబబే. మీ యంత్రాలకు 192.168తో మొదలయ్యే లోపలి చిరునామాలు (ఐపీ అడ్రస్‌లు) ఉంటాయి. బయటివారు వాటిని నేరుగా చేరలేరు, వచ్చిన పిలుపును రౌటర్ గుమ్మం దగ్గరే వదిలేస్తుంది. పైగా ఇప్పుడు చాలా సంస్థలు ఒకే బయటి చిరునామాను అనేక ఇళ్ళకు పంచుతున్నాయి, కాబట్టి ఇంకో అడ్డం కూడా ఉన్నట్టే. ఇళ్ళలో, చిన్న దుకాణాల్లో నెట్‌వర్క్ వేయడం నా వృత్తి. ప్రింటర్ రాలేదనో, ఫోల్డర్ తెరుచుకోలేదనో వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఈ ఫైర్‌వాలే. ఇంట్లోవారిని ఇంట్లోవారి నుంచి కాపాడుకోవడం ఎందుకు?

కావలి:
దీన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. ఫైర్‌వాల్ ఆపగానే పని జరిగిందంటే అడ్డు ఎక్కడుందో తెలిసిందన్నమాట. అసలు మరమ్మతు మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే. అక్కడే ఆగిపోవడం ఫ్యూజు పదే పదే పోతోందని దాని చోట మందపాటి రాగితీగ చుట్టడం లాంటిది.

అద్దెపోర్షన్ గారూ, మీ ప్రశ్నలోనే కారణం ఉంది. రౌటర్ మారితే విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్‌గా చూస్తుంది. కొత్తదాన్ని మామూలుగా 'పబ్లిక్' కింద చేరుస్తుంది, అంటే రైల్వే స్టేషన్ వైఫైతో సమానంగా చూస్తుంది. అప్పుడు పంచుకున్న ప్రింటర్ బయటికి కనిపించదు. పాత రౌటర్ ఉన్నప్పుడు అది 'ప్రైవేట్'గా ఉండి ఉంటుంది.

ముందు ఫైర్‌వాల్ తిరిగి పెట్టండి. తర్వాత సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ విభాగం తెరిచి, మీ కనెక్షన్ లక్షణాల్లో 'ప్రైవేట్' ఎంచుకోండి. ఫైర్‌వాల్ అనుమతుల జాబితాలో 'ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్', 'నెట్‌వర్క్ డిస్కవరీ' రెండింటికీ ప్రైవేట్ గడిలో మాత్రమే టిక్కు ఉంచండి. పబ్లిక్ గడి ఖాళీగా ఉండాలి. యాంటీవైరస్ వేరే వేయించుకుని ఉంటే దానికి సొంత ఫైర్‌వాల్ ఉందేమో చూడండి. ఉంటే విండోస్‌లో ఎన్ని మార్చినా ఫలితం కనిపించదు, అనుమతి అక్కడే ఇవ్వాలి.

ఇంట్లోవారి నుంచి కాపలా ఎందుకన్న మాటకు జవాబు 2017 మే నెలలో దొరికింది. వన్నాక్రై అనే, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ ఒక కంప్యూటర్‌లో దూరి, 445 పోర్టు (ఫైళ్ళు, ప్రింటర్లు పంచుకోవడానికి కంప్యూటర్ తెరిచే ద్వారం) గుండా అదే నెట్‌వర్క్‌లోని మిగతావాటికి తానే పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనూ కొన్ని కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి.

కేబుల్‌పని:
కావలి గారూ, ప్రింటర్ పంచుకోవడానికి మీరు చెప్పిన అనుమతి తెరిచేది ఆ 445నే కదా! ఇక ఫైర్‌వాల్ ఉండి ఆపేదేమిటి? వన్నాక్రైని ఆపే సవరణను మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చిలోనే ఇచ్చింది. అప్‌డేట్ చేసుకున్నవారికి ఆ దారి మూసుకుపోయింది. నన్నడిగితే అప్‌డేట్లే అసలు రక్షణ.

కావలి:
ఆ డెస్క్‌టాప్‌లో 445 తెరుచుకుంటుందన్నది నిజమే. కానీ అది లోపలి నెట్‌వర్క్‌కే, ఆ ఒక్క యంత్రంలోనే. ప్రింటర్ పంచని ల్యాప్‌టాప్‌లో తెరవాల్సిన పనే లేదు. ఫైర్‌వాల్ మొత్తం తీసేస్తే రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే సౌకర్యం) పెట్టి ఉంటే అది వాడే 3389తో సహా, మీకు తెలియకుండా ఏ సాఫ్ట్‌వేర్ ఏ పోర్టు మీద వింటోందో అదంతా బయటపడుతుంది. ఇంకా జాగ్రత్త కావాలంటే ఆ అనుమతి తాలూకు నియమంలో, అది ఎవరికి వర్తించాలో చెప్పే 'స్కోప్' పేజీలో ల్యాప్‌టాప్ చిరునామా ఒక్కటే రాయవచ్చు. అలా రాసేటప్పుడు రౌటర్‌లో ఆ చిరునామా మారకుండా కట్టేయాలి.

అప్‌డేట్ల గురించి మీరన్నది ఒప్పుకుంటాను. అయితే సవరణ రాకముందే వచ్చే దాడులున్నాయి. సవరణ వచ్చినా వేసుకోని యంత్రాలూ ఉంటాయి. 2003లో బ్లాస్టర్ పురుగు (తానే పాకే హానికర ప్రోగ్రామ్) సవరణ వచ్చిన నెల లోపే పాకింది. అప్పటికి విండోస్ ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఉంది గానీ మామూలుగా ఆపి ఉండేది. 2004లో రెండో సర్వీస్ ప్యాక్‌తో మైక్రోసాఫ్ట్ దాన్ని అందరికీ ముందే పెట్టి ఇచ్చింది.

పాతతీగ:
రౌటర్ చాలన్న వాదనలో ఇంకో పెద్ద లోటుంది. లోపలి చిరునామాల పద్ధతి వచ్చింది చిరునామాల కొరత తీర్చడానికి. రక్షణ దాని పక్క ఫలితం మాత్రమే. మన దేశంలో ఇప్పుడు ఐపీవీ6 (ఎన్నో రెట్లు ఎక్కువ చిరునామాలిచ్చే కొత్త పద్ధతి) విస్తృతంగా వాడుకలో ఉంది. అందులో ఇంట్లోని ప్రతి యంత్రానికీ సొంత బయటి చిరునామా వస్తుంది, దాచే ఏర్పాటు ఉండదు. అప్పుడు రౌటర్‌లోని ఐపీవీ6 ఫైర్‌వాల్ పనిచేస్తుంటేనే మీకు అడ్డం ఉన్నట్టు. అది ఆపి ఉండి, కంప్యూటర్‌లోదీ ఆపేస్తే ఏమీ మిగలదు.

ఇంట్లోవి కంప్యూటర్లు మాత్రమే కావు కదా. గుమ్మం మీద కెమెరా పెట్టిన ఇళ్ళెన్నో. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ పట్టుకున్నది అలాంటి కెమెరాలనూ, రౌటర్లనూ, అదీ తయారీదారు పెట్టిన పాస్‌వర్డ్ మార్చని వాటిని. కేబుల్‌పని గారు అంత నమ్మకం పెట్టుకున్న రౌటరే శత్రువు చేతికి చిక్కిన సందర్భమది.

కేబుల్‌పని:
ఐపీవీ6 సంగతి సరే, దాన్ని కాదనను. కానీ పరీక్ష కోసం ఓ ఐదు నిమిషాలు ఆపి చూడటం కూడా తప్పంటే మాలాంటివారు పనిచేయలేరు.

కావలి:
ఆపి చూడటంలో తప్పులేదు, వెళ్ళేముందు తిరిగి పెట్టాలి. ఆపకుండా తెలుసుకునే దారి కూడా ఉంది. ఫైర్‌వాల్ లక్షణాల్లో అడ్డుకున్న ప్యాకెట్లను (నెట్‌వర్క్‌లో వచ్చే సమాచారపు ముక్కలను) నమోదు చేయమంటే ఏ పోర్టు దగ్గర ఆగిందో లాగ్‌లో వరుసగా రాస్తుంది. ఒకటి మాత్రం చేయకండి: ఫైర్‌వాల్ సర్వీసునే ఆపేయడం. అది మైక్రోసాఫ్ట్ వద్దని చెప్పిన పద్ధతి, ఇతర భాగాలు కూడా దెబ్బతింటాయి.

అద్దెపోర్షన్:
డెస్క్‌టాప్‌లో నిజంగానే 'పబ్లిక్' అని ఉంది. మార్చాక ఫైర్‌వాల్ ఉండగానే ప్రింటు వచ్చింది, ధన్యవాదాలు. కానీ అమ్మాయి మేడ మీది గదిలో కూర్చుంటే రావడం లేదు. అక్కడ పాత రౌటర్‌ను తీగతో కలిపి పెట్టాం. ల్యాప్‌టాప్ చిరునామా 192.168.0తో మొదలవుతోంది, కింద డెస్క్‌టాప్‌ది 192.168.1.

పాతతీగ:
ఇందులో ఫైర్‌వాల్ దోషం లేదు. రెండో రౌటర్ మేడ మీద వేరే నెట్‌వర్క్ సృష్టించింది. కంప్యూటర్లు ఒకదాన్నొకటి వెతుక్కునే పిలుపులు ఆ గోడ దాటవు. పాత రౌటర్‌ను 'యాక్సెస్ పాయింట్' (సొంత నెట్‌వర్క్ సృష్టించకుండా వైఫై మాత్రమే అందించే) పద్ధతిలోకి మార్చండి, రెండూ ఒకే వరుసలోకి వస్తాయి. తర్వాత ల్యాప్‌టాప్‌లోనూ నెట్‌వర్క్ రకం చూడండి. కింది రౌటర్ పేజీ తెరిచినప్పుడు ఐపీవీ6 ఫైర్‌వాల్ పెట్టి ఉందో లేదో కూడా చూసి ఇక్కడ రాయండి.