«లా తజ్జఊ»: ఏడవద్దనా, కుదేలైపోవద్దనా?

ప్రశ్న: మా బహాయి మిత్రుల ఇంట్లో పెద్దాయన పోతే ఖననానికి వెళ్ళాను. అరబీలో కొన్ని వాక్యాలు మళ్ళీ మళ్ళీ చదివారు, చివర్లో «సాబిరూన్» అని వినిపించింది. సంతాప పత్రం మీద మాత్రం తెలుగులో «మరణాన్ని నీకు శుభవార్తగా చేశాను, ఎందుకు దుఃఖిస్తావు?» అని వేయించారు. భర్త పోయి ఏడుస్తున్నావిడకి ఈ మాట కటువుగా తగలదా? ఏడవకూడదని వాళ్ళ గ్రంథాల్లో ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు: నేను బహాయినే. మా అన్నయ్య పోయినప్పుడు ఈ వాక్యాలే పట్టుకుని నిలబడ్డాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

పత్రం మీద వేసిన వాక్యం 1858లో బాగ్దాదులో మా మత స్థాపకుడు బహావుల్లా వెలువరించిన «నిగూఢ వాక్యాలు» అనే పుస్తకంలోది. అక్కడి అరబీ మాట «బిషారత్», అంటే శుభవార్త. పోయినవాళ్ళ ఆత్మ ఎటు వెళ్తుందో ధైర్యం చెప్పే వాక్యం అది. మిగిలినవాళ్ళు ఎలా తట్టుకోవాలో చెప్పే వాక్యం ఆయనే రాసిన మా ధర్మశాస్త్ర గ్రంథం కితాబ్-ఎ-అక్దస్‌లో ఉంది. నన్నడిగితే పత్రం మీద రెండూ పక్కపక్కనే ఉండాలి:

«లా తజ్జఊ ఫిల్ మసాయిబ్ వ లా తఫ్రహూ, ఇబ్తగూ అమ్రన్ బైనల్ అమ్రైన్.»

మసాయిబ్ అంటే ముసీబత్‌లు, హైదరాబాదు వాళ్ళకి విడమరచి చెప్పక్కర్లేదు. తఫ్రహూ అంటే సంతోషపడటం. అసలు కీలకం తజ్జఊలో ఉంది. దాని మూలం «జజఅ», అరబీలో సబ్ర్‌కి, అంటే ఓర్పుకి, ఎదురు మాట. కన్నీళ్ళు పెట్టుకోవడానికి అరబీలో వేరే మాట ఉంది, «బుకా». జజఅ అంటే నిబ్బరం మొత్తం వదిలేసి బెంబేలెత్తిపోవడం. కాబట్టి నేనైతే ఇలా చెప్తాను: «కష్టాల్లో కుదేలైపోకండి, అలాగని సంబరపడనూ వద్దు. ఆ రెంటికీ నడుమ దారి వెతుక్కోండి.» ఆ దారి ఏమిటో కూడా వెంటనే చెప్పారు: ఆ స్థితిలో దైవస్మరణ, ముందు ముందు రాబోయేదాని మీద ఎరుక.

ఈ మాట రాసిన మనిషి పరిస్థితి కూడా తెలియాలి. ఒట్టోమన్ ప్రభుత్వం బహావుల్లాని, ఆయన కుటుంబాన్ని, వెంట ఉన్నవాళ్ళని 1868లో ఇప్పటి ఇజ్రాయెల్‌లోని అక్కా అనే ఊళ్ళో సైనిక బారకాసుల్లో ఖైదు చేసింది. 1870 జూన్‌లో ఆయన కొడుకు మీర్జా మెహదీ సాయంత్రం పూట ప్రార్థనలో మునిగి డాబా మీద పచార్లు చేస్తూ, మూత లేని వెలుతురు కంతలోంచి కింద పడిపోయాడు. కింద ఉన్న చెక్కపెట్టె పక్కటెముకల్లో గుచ్చుకుంది. మర్నాడు, జూన్ 23న, ప్రాణం పోయింది. వయసు 22. తల్లి ఆసియా ఖానుం దుఃఖానికి అంతులేదు. బహావుల్లా తన ప్రార్థనలో, నువ్వు నాకిచ్చినదాన్నే నీకు అర్పించాను, నీ సేవకులు ప్రాణం పోసుకోవాలని, భూమ్మీద ఉన్నవాళ్ళంతా ఒకటి కావాలని, అన్నారు. అక్దస్ పూర్తయింది అదే ఊళ్ళో, 1873 ప్రాంతంలో. బిడ్డను పోగొట్టుకున్న తండ్రి రాసిన «లా తజ్జఊ» అది. నాకు దాని మీద గురి కుదిరింది అందుకే.

ఇక మీరు విన్న ప్రార్థన. బహాయిల్లో అందరి తరఫున ఒకరు చదివే సామూహిక ప్రార్థన ఇదొక్కటే, పూడ్చేముందు చదువుతారు. మిగతావాళ్ళు మౌనంగా నిలబడి వింటారు. అందులో మళ్ళీ మళ్ళీ చదివేవి ఆరు వాక్యాలు, ఒక్కోటి 19 సార్లు. వాటిలో మొదటిది «మేమందరం దేవుణ్ణి ఆరాధిస్తున్నాం». అయిదోది షాకిరూన్, షుక్రియాలో ఉన్న మాటే, కృతజ్ఞత చెప్పేవాళ్ళం అని. ఆరోది, ఆఖరుది, సాబిరూన్, సబ్ర్ లోంచే వచ్చింది, ఓర్చుకునేవాళ్ళం అని.

అన్నయ్యకి నేనే చదివాను. లెక్క తప్పకూడదని వేలి కణుపులు పట్టుకున్నాను. షాకిరూన్ దగ్గర గొంతు పూడుకుపోయింది, కాసేపు ఆగి మళ్ళీ అందుకున్నాను. «సాబిరూన్, సాబిరూన్» అంటూంటే ఓర్పు నాలో ఉందని చెప్తున్నట్టు లేదు, కావాలని అడుగుతున్నట్టు ఉంది. పైగా ఆ వాక్యంలో «నేను» లేదు. «ఇన్నా కుల్లున్», మేమందరం. వెనక నిలబడ్డవాళ్ళ ఓర్పు కూడా కలుపుకుని చదివే వాక్యం అది.

ప్రశ్న: షిర్డీ సాయి భక్తులు అనే «శ్రద్ధ, సబూరి»లోని సబూరి ఇదేనా?

జవాబు: అదేనండీ, సబ్ర్ నుంచే వచ్చింది. తెలుగు ఇళ్ళల్లో గోడల మీద ఎప్పట్నుంచో ఉన్న మాట.

ప్రశ్న: పదకొండో రోజు, పెద్దకర్మ లాంటివి ఉంటాయా? దహనం చేయరా?

జవాబు: చేయరు, ఖననమే. పోయిన ఊరి నుంచి గంట ప్రయాణం దాటి తీసుకెళ్ళకూడదు. కర్మకాండ రోజులంటూ ఏవీ నిర్ణయించలేదు. హిందూ కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళకి మొదట్లో ఇది వెలితిగానే ఉంటుంది, మా అమ్మకీ ఉండేది. పోయినవాళ్ళ పేరు మీద దానధర్మాలు చేస్తే వాళ్ళ ఆత్మకి మేలు జరుగుతుందని నమ్మకం. అమ్మ ఏటా అన్నయ్య పేరున ఒక పిల్లాడికి పుస్తకాలు కొనిస్తుంది. ఆ ఒక్కరోజు ఆవిడ ముఖంలో తేడా నాకు తెలుస్తుంది.

ప్రశ్న: మరి ఆ ఇంటావిడకి ఉత్తరం రాయాలంటే ఏం రాయను?

జవాబు: కొడుకుని పోగొట్టుకున్న తల్లిదండ్రులకి బహావుల్లా పెద్ద కొడుకు అబ్దుల్ బహా రాసిన ఓదార్పు లేఖ ఒకటుంది. ఆ యువకుడి మరణం, ఎడబాటు ఎంతో దుఃఖం కలిగించాయని ముందు ఒప్పుకున్నాకే, దయగల తోటమాలి ఇరుకు చోటునుంచి లేత మొక్కని తీసి విశాలమైన చోట నాటినట్టు అని రాశారు. మీరూ ఆ వరసలోనే రాయండి. శుభవార్త మాట ఇప్పుడే వద్దు, కొన్నాళ్ళు పోనివ్వండి.

ఒక సందేహం నాకూ మిగిలింది. «అమ్రన్ బైనల్ అమ్రైన్»కి మధ్యేమార్గం అంటే బౌద్ధం గుర్తొస్తుంది, నడిమి దారి అంటే మరీ పొడిగా ఉంది. ఇంతకంటే మంచి తెలుగు మీకెవరికైనా తడితే కింద రాయండి.