అప్‌డేట్: ఆ రోబో సినిమా దొరికింది, ఒకటి కాదు రెండు

అంతా తన గుప్పిట్లో పెట్టుకున్న కంప్యూటర్ మీద మనుషుల తిరుగుబాటు, భవిష్యత్తు నుంచి వచ్చి పిల్లాణ్ణి కాపాడే రోబో, చివర్లో అది ప్రెస్ (ఇనుమును నొక్కే పెద్ద యంత్రం) కింద నలిగిపోవడం, ఏ సినిమా అని అడిగాను కదా. టెర్మినేటర్ అన్నవాళ్లదే కరెక్ట్, థ్యాంక్స్! కాకపోతే నేను రెండు భాగాలు కలిపేసుకున్నాను. ప్రెస్ సీన్ 1984 నాటి మొదటిదాంట్లో ఉంది, అందులో నటుడు ష్వార్జ్‌నెగర్ విలన్ రోబో, స్కైనెట్‌ను (ఆ కంప్యూటర్ పేరు) ఎదిరించే జాన్ కానర్ అసలు పుట్టకుండా చేద్దామని వాళ్లమ్మ సారాను చంపడానికి 2029 నుంచి వస్తాడు. మంచి రోబో 1991 నాటి రెండోదాంట్లో, అది కరిగిన ఉక్కులోకి దిగిపోతుంది (మళ్లీ ఏడ్చాను). మ్యాట్రిక్స్ సినిమా అయితే కాదు, అందులో టైం ట్రావెల్ లేదు.