ఆల్‌టైమ్ నంబర్‌వన్ ఏది: కాంట్రానా, మారియోనా?

పెన్నా ఒడ్డు, నెల్లూరు:
టీవీకి తగిలించే ఆట సెట్టులో క్యాసెట్ పెట్టి ఆడే గేముల్లో నా ఓటు ఎప్పటికీ కాంట్రాకే, శత్రువులను కాల్చుకుంటూ పోయే గేమ్ అది. కొనామీ కంపెనీ దాన్ని 1988లో ఇంటి సెట్టుకి తెచ్చింది. ఉండేది 8 స్టేజీలే. ఒక్క తూటా తగిలితే లైఫ్ పోతాది, దాంతోపాటు కష్టపడి పట్టిన ఎస్ గన్నూ (ఒక్క దెబ్బకి చాలా తూటాలు వదిలే తుపాకీ) పోతాది. మళ్ళీ మామూలు తుపాకీతో అదే గుంపులోకి దిగాల. ఇంత లెక్కగా ఆడించే గేమ్ ఇంకోటి చూపించండి. నా షరతు ఒకటుంది: పైన పైన, కింద కింద, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ అనే బటన్ల కోడ్ కొట్టి 30 లైఫులతో ముగించినోళ్ళు పూర్తి చేసినట్టు కాదు. 3 లైఫులు, 3 కంటిన్యూలు, అంతే.

గిత్తల గడ్డ, ఒంగోలు:
మారియో, ఎగురుతూ అడ్డంకులు దాటే గేమ్. గేమ్ గొప్పదా కాదా అనేదానికి నాది ఒకటే పరీక్ష: చచ్చినప్పుడు తప్పెవరిది? మారియోలో ఆడేవాడిదే. ఏ బటన్ ఎంతసేపు నొక్కిపెడితే అంత ఎత్తు ఎగురుతాడు, బి బటన్ పట్టుకుని పరిగెత్తి ఎగిరితే ఇంకాస్త పైకి. గాల్లో ఉండగా కూడా వెనక్కి లాగొచ్చు. 1-1 (మొదటి వరల్డ్, మొదటి లెవెల్) మొదట్లోనే చూడండి. ప్రశ్న గుర్తు డబ్బా కొడితే పుట్టగొడుగు కుడివైపు జారి, కిందపడి, పైపుకి తగిలి మనమీదకే వచ్చుద్ది. భయపడి ఎగిరితే పైన ఇటుకలు అడ్డం, దాదాపుగా దానిమీదే పడతాం. పడగానే పెద్దోడైపోతాడు. ఒక్క అక్షరం చదవక్కర్లేదు, ఏది మంచిదో ఏది చెడ్డదో పిల్లోడికి తెలిసిపోయింది. 1985 గేమ్, మొత్తం కలిపి 40 కిలోబైట్లు. చోటు చాలక మేఘానికీ పొదకీ ఒకటే బొమ్మ వాడి రంగు మార్చారు. అందులోనే 32 లెవెళ్ళు పట్టించారు.

కాంట్రాలో తూటా కనిపించకుండానే చస్తాం. ఆ సెట్టు తెరమీద ఒక అడ్డగీతలో 8 కదిలే బొమ్మ ముక్కలకు మించి గీయలేదు. ఇద్దరు ఆటగాళ్ళు, ఎస్ గన్ను ఒక్క దెబ్బకి వదిలే 5 తూటాలు, ఎదురుగా శత్రువులు, అన్నీ ఒకే ఎత్తులో ఉంటే ఏదో ఒకటి మాయమవుద్ది. అది శత్రువు తూటా అయితే తప్పు నాదెట్లా అవుద్ది?

ఉప్పుగాలి, కావలి:
అన్నా, మాయమైపోవడం కాదు, మినుకుమినుకుమంటాయి. ఈ ఫ్రేములో (తెరమీద ఒక్కసారి వేసే బొమ్మలో) దాచిన ముక్కని తర్వాతి ఫ్రేములో చూపించి ఇంకోదాన్ని దాస్తాది. దానికి మందు ఉండాది: ఇద్దరూ ఒకే వరసలో నిలబడొద్దు. ఒకరు పైమెట్టు, ఒకరు కిందమెట్టు పట్టుకుంటే గీతలో రద్దీ సగానికి తగ్గతాది.

ఇంకోటి ఎవరూ అనుకోరు. మన పాత టీవీలు పాల్ (సెకనుకి 50 బొమ్మలు చూపే) పద్ధతివి. వాటికోసం చేసిన సెట్లు సెకనుకి 50 ఫ్రేములే నడుపుతాయి. గేమ్ రాసింది 60కి. అంటే ఆరోవంతు నిదానం. చిన్నప్పుడు అలవోకగా తప్పించుకున్న తూటా ఇప్పుడు ఫోన్లో ఎమ్యులేటర్ (పాత సెట్టులా పనిచేసే యాప్) మీద తగలతుందంటే వేళ్ళు మొద్దుబారి కాదు. పోలిక చేసేటప్పుడు ఇద్దరూ 60 మీదే ఆడి మాట్లాడాల.

నా ఓటు కాంట్రాకే, కారణం మాత్రం వేరే. మారియోలో ఇద్దరు ఆడితే ఒకడు చచ్చేదాకా రెండోవాడు చేతులు కట్టుకుని కూర్చోవాల. కాంట్రాలో తమ్ముడూ అన్నా ఒకే తెరమీద ఒకేసారి. ఇంట్లో రెండు రిమోట్లకీ పనిపెట్టిన గేమ్ అది. అందుకే కోడ్ కొడితే పూర్తి చేసినట్టు కాదంటే నేనొప్పుకోను. ఆడటం రాని చిన్నోడిని పక్కన కూర్చోబెట్టుకుని చివరిదాకా తీసుకుపోవాలంటే 30 లైఫులు కావాల. అయినా అది పెట్టింది చేసినోళ్ళే గదా. 1986లో గ్రేడియస్ అనే కొనామీ గేమ్‌ని ఇంటి సెట్టుకి మార్చేటప్పుడు పరీక్షించడం మరీ కష్టంగా ఉందని కజుహిసా హషిమోతో రాసుకున్న కోడ్ అది.

కోడ్ పడటంలేదు అనేవాళ్ళకి: రిమోట్లో పైన ఉండే టర్బో బటన్లు ముట్టుకోవద్దు, ఒక్క నొక్కుడికి నాలుగైదుసార్లు పడతాది. ఇద్దరికైతే ఏ బటన్ తర్వాత సెలెక్ట్ కొట్టి స్టార్ట్.

పాత పెట్టె, కనిగిరి:
మధ్యలో వస్తున్నా. ఎవరిది నెగ్గినా ముందు క్యాసెట్ ఆడాలి కదా. నల్లతెర వస్తే నోటితో ఊదొద్దు, ఊపిరి తేమకి పిన్నులు ఇంకా పాడవుద్ది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి పిన్నుల పొడవునా తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. సముద్రం దగ్గర ఊళ్ళవాళ్ళకి ఇది మరీ అవసరం. డక్ హంట్ (బాతుల్ని కాల్చే గేమ్) తుపాకీ మాత్రం ఎల్‌ఈడీ టీవీ మీద పనిచెయ్యదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర నల్లబడి బాతు ఉన్నచోట తెల్ల గడి వెలిగితే తుపాకీ దాన్ని చూస్తుంది. కొత్త టీవీ బొమ్మ ఆలస్యంగా వేస్తుంది కాబట్టి ఆ క్షణం దాటిపోద్ది.

పెన్నా ఒడ్డు, నెల్లూరు:
ఉప్పుగాలీ, తమ్ముడి సంగతి ఒప్పుకుంటా. ఇద్దరాటకి కోడ్ సరే, ఒక్కడే కూర్చుంటే వద్దు. గిత్తల గడ్డన్నా, తప్పెవరిదో తేలాలంటున్నారు గదా, మారియో 3-1 చివరి మెట్లమీద తాబేలు డిప్పని తొక్కుతూ లైఫులు పోగేస్తారే, 127 దాటాక ఒక్కసారి చస్తే ఏమైతాది? నేరుగా గేమ్ ఓవర్. ఆ అంకె పట్టే చోటు అంతే, దాటితే మైనస్ కింద లెక్క. అది ఆడేవాడి తప్పా?

గిత్తల గడ్డ, ఒంగోలు:
కాదు, అది లోపమే. కానీ ఎవరూ బలవంతంగా 128 పోగేయమనలేదు. మామూలుగా ఆడేవాడికి అది ఎదురే రాదు. మారియో గేమ్ ఓవర్ అయినా దయ చూపిద్ది: మొదటి తెరలో ఏ బటన్ పట్టుకుని స్టార్ట్ నొక్కితే చచ్చిన వరల్డ్ మొదటి లెవెల్ నుంచే ఇచ్చుద్ది. కరెంటు పోతే మాత్రం అన్నీ పోతాయి, లోపల బ్యాటరీ లేదు. ఇప్పుడు మీరు చెప్పండి. కాంట్రా మూడో స్టేజీ, జలపాతం. పైవాడు ఒక మెట్టు ఎక్కితే తెర జరిగి కిందవాడు చచ్చిపోతాడు, వాడు ఏ తప్పూ చెయ్యకపోయినా. అన్నదమ్ములు ఆడాల్సిన గేమ్ అన్నారుగా, దీనికేమంటారు?

ఉప్పుగాలి, కావలి:
దానికి పద్ధతి ఉందన్నా. బాగా ఆడేవాడు కింద ఉండాల, చిన్నోడిని ముందు ఎక్కనివ్వాల. పైన ఉన్న చిన్నోడు ఆగితే తెర జరగదు. "ఎక్కు" అని కిందవాడు చెప్తేనే పైవాడు ఎగరాల. ఈ లెక్కన జలపాతం ఇద్దరం దాటొచ్చు.