అనంతగిరి వాలు దారిని స్ట్రావాలో పెట్టడం తప్పా?

మొరం మనిషి:
అందరికీ నమస్కారం. వికారాబాద్ అనంతగిరి అడవిలో మనం ‘జారుడుబండ’ అని పిలుచుకునే వాలు సంగతి ఇది. ఆరేళ్లుగా నలుగురైదుగురం అక్కడ సైకిళ్ల మీద దిగుతున్నాం. పోయిన నెల ఎవరో దాన్ని స్ట్రావా యాప్‌లో సెగ్మెంట్ చేసి పెట్టారు, అంటే దారిని మ్యాపులో గీసి, ఎవరెంత టైములో దిగారో పట్టిక కనబడేలా చేశారు. ఇక చూడండి, ప్రతి ఆదివారం ఇరవై బండ్లు. సగం మందికి బ్రేకు పట్టడం రాదు. వెనక చక్రం లాక్ చేసి ఈడ్చుకుంటూ దిగుతారు. పైనున్న మొరం లేచిపోయి, నడిమి మలుపు దగ్గర జానెడు లోతు గాడి పడింది. జూన్‌లో మొదటి వాన పడితే నీళ్లన్నీ ఆ గాడిలోకే వస్తాయి. తర్వాత అది దారిగా ఉండదు, వాగవుతుంది. సెగ్మెంట్ పెట్టినవాళ్లు దయచేసి తీసేయండి.

హార్డ్‌టెయిల్ హరి:
పెట్టింది నేనే. దాచాల్సిన పనేముంది? ముందు ఒక మాట సరిచేద్దాం అన్నా. అది జానెడు కాదు, బెత్తెడు. మొన్న నేనే దిగి చూశాను.
ఇక అసలు సంగతి. మీ నలుగురూ దిగితే అడవి ప్రేమ, మిగతావాళ్లు దిగితే విధ్వంసమా? నేను 2021లో ఈ సరదా మొదలుపెట్టినప్పుడు దారి చెప్పమని ఇక్కడే మూడుసార్లు అడిగాను. ఒక్కరు నోరు విప్పలేదు. ఒంటరిగా వెతుక్కుంటూ వెళ్లి, రాళ్లలో పడి, మణికట్టు విరగ్గొట్టుకున్నాను. ఆ గతి ఇంకొకరికి పట్టకూడదనే పెట్టాను.

చైను తెగినవాడు:
హరి బ్రో చెప్పింది నిజమే. ఈ గ్రూపులో కొత్తవాళ్లకు విలువ లేదు.

మొరం మనిషి:
మణికట్టు విరిగినందుకు బాధగానే ఉంది తమ్ముడూ. అయితే దానికీ గాడికీ సంబంధం లేదు. జానెడే అది. నా చెయ్యి పెట్టి కొలిచాను.
లోపం ఎక్కడుందో వివరంగా చెబుతా. మంచి దారి కొండకు అడ్డంగా పోవాలి. కొండ ఎంత వాలుగా ఉందో దారి వాలు అందులో సగానికి మించకూడదు. దారులు కట్టేవాళ్లు పాటించే సూత్రం ఇది. అప్పుడు నీరు దారిని దాటి కిందకు జారిపోతుంది. మన జారుడుబండ సూటిగా కిందకే పడుతుంది, నీళ్లు పోయే దారీ అదే. నలుగురం దిగినంత కాలం ఆకులు రాలి మట్టి సర్దుకునేది. నలభైమంది దిగితే సర్దుకోదు. మూసీ పుట్టే కొండ ఇది, మర్చిపోవద్దు.

హార్డ్‌టెయిల్ హరి:
మూసీ గురించి మనం మాట్లాడుకోవాలా అన్నా! పక్కనే దామగుండంలో నేవీ రేడియో కేంద్రానికి, అదే అందరూ రాడార్ స్టేషన్ అంటున్నదానికి, 2,900 ఎకరాల అడవి ఇచ్చేశారు. 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన కూడా అయింది. అక్కడ పోయే చెట్లు కనబడవు, నా రెండున్నర అంగుళాల టైరు కనబడుతుందా?
ఇంకోటి. అమెరికాలోని మోంటానాలో దారుల మీద నీళ్లు చల్లి మరీ పరీక్షించారు, 1994లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. సైకిలు చక్రం కంటే గుర్రం డెక్క, మనిషి కాలే ఎక్కువ మట్టిని వదులు చేశాయని తేలింది. ట్రెక్కింగ్ వాళ్లను ఎందుకు ఆపరు?

మొరం మనిషి:
మోంటానా నేలా, మన జేగురు మొరమూ ఒకటేనా? ట్రెక్కింగ్ వాళ్లు వెనక చక్రం లాక్ చేసి మలుపు తిరుగుతారా? రాడార్ గొడవలో నేనూ సంతకం పెట్టాను. అది ఆగలేదు కాబట్టి ఇది కూడా పోనిద్దామంటే నేనొప్పుకోను.

వాంకూవర్ వాసి:
ఇక్కడి నార్త్ షోర్ కొండల మీద దారులు కూడా చాలావరకు అనుమతి లేకుండా తవ్వినవే. తర్వాత రైడర్లు సంఘం పెట్టుకుని, అనుమతులు తెచ్చుకుని, శనాదివారాలు పారలు పట్టి బాగుచేస్తూ నిలబెట్టుకున్నారు. మీలో పార పట్టింది ఎందరు?

కొత్త రైడర్ 29:
సారీ, ఒక డౌట్. బ్రేకు ఎలా పట్టాలి మరి? నేను వెనకదే పడతాను. ముందుది పడితే పల్టీ కొడతానని టెన్షన్.

హార్డ్‌టెయిల్ హరి:
వాలులో బరువంతా ముందు చక్రం మీదకే వస్తుంది, బండిని ఆపేది ఎక్కువగా ముందు బ్రేకే. నడుము వెనక్కి, సీటు కిందకి, ఒక్కో లివరు మీద ఒక్కో వేలు. మలుపు రాకముందే వేగం తగ్గించుకో, మలుపులో వదిలెయ్. చూశారా, అడిగితే చెప్పాను. నాకెవరూ చెప్పలేదు.

రెండో గేరు:
రిజర్వ్ ఫారెస్ట్‌లోకి అనుమతి లేకుండా వెళ్లడమే నేరం, 1967 ఫారెస్ట్ చట్టం ప్రకారం. మీరేమో బహిరంగంగా టైములు పెట్టుకుంటున్నారు. కానివ్వండి.

మొరం మనిషి:
అందుకే తీసేయమంటున్నాను!

హార్డ్‌టెయిల్ హరి:
అంటే మీరు ఆరేళ్లుగా చేసిన నేరం గుట్టుగా ఉండాలి. అదీ మీ బాధ. సూటిగా చెప్పొచ్చుగా, ఆ కొండ మా నలుగురి జాగీరు అని.

మొరం మనిషి:
మాటలు జాగ్రత్త. అక్కడ ప్లాస్టిక్ ఏరింది మేము, పడిన చెట్టు తొలగించింది మేము. నువ్వొచ్చి ఒక గీత గీసి, దాని మీద నీ పేరు మొదటి స్థానంలో చూసుకుంటున్నావు. నీకు కావలసింది కొత్తవాళ్ల క్షేమం కాదు, ఆ కిరీటం.

పూడూరు పిల్లగాడు:
చాలా రోజుల నుంచి చదువుతున్నా, ఈరోజే రాస్తున్నా. మా ఊరు ఆ అడవి అంచునే. మీరు జారుడుబండ అంటున్నది మా మేకలు ఎక్కే బాట. మా తాత కాలం నుంచి ఉంది. మీరెవరూ తవ్వలేదు.
మొన్న సంక్రాంతి తర్వాత ఒక ఆదివారం పొద్దున ఎర్ర హెల్మెట్ పెట్టుకున్న ఆయన ఒకరు పైనుంచి వచ్చిండు. మంద బెదిరింది. ఒక పిల్ల ఎగిరి ఆ గాడిలో పడి ముందుకాలు విరగ్గొట్టుకుంది. ఆయన ఆగలేదు. మా నాయన కేకేసినా వినలేదు. ఆ గాడి బెత్తెడో జానెడో మీరే తేల్చుకోండి.
అదే అడవిలో మేకలు మేపినందుకు మేము జరిమానా కట్టినోళ్లం. ఖరీదైన బండ్లు వేసుకొచ్చిన మిమ్మల్ని ఎవరూ అడగలేదు. అన్నా, నువ్వు అడవి కాపాడాలంటావు, ఆయన అడవి అందరిదీ అంటాడు. ఆ ‘అందరి’లో మేమున్నామా అని ఒక్కరూ అడగలేదు.

చైను తెగినవాడు:
...

మొరం మనిషి:
తమ్ముడూ, మంద కనబడితే నేను దిగి నడిపించుకుంటూ వెళ్తాను. కానీ అది మీ బాట అన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదు. ఆరేళ్లలో ఒక్కసారి కూడా. దారికి పేరు కూడా పెట్టుకున్నాం.

హార్డ్‌టెయిల్ హరి:
ఎర్ర హెల్మెట్ నాదే. మంద చివరి క్షణంలో కనబడింది, అరిచాను. అక్కడ గట్టిగా బ్రేకు పడితే నేనే మంద మీద పడేవాణ్ని. కేక వినబడలేదు, ఫుల్‌ఫేస్ హెల్మెట్‌లో గాలి హోరు. మేకపిల్లకు దెబ్బ తగిలిందని ఇప్పుడే తెలుస్తోంది. నాన్నగారి నంబరు నాకు విడిగా మెసేజ్ చెయ్, వచ్చి కలుస్తాను. ఖర్చు నాది.

పూడూరు పిల్లగాడు:
డబ్బు కోసం చెప్పలేదు. ఆ పిల్లకు కట్టు కట్టినం, కుంటుతుంది గానీ తిరుగుతుంది. వచ్చి నాయనతో మాట్లాడండి, చాలు.
మంద ఎనిమిదింటికల్లా పైకి ఎక్కుతది. ఆ తర్వాత దిగేటోళ్లు బండికి గంట కట్టుకోండి. మా మేకల మెడలకే గంటలున్నాయి, మీ బండ్లకు లేవు.

రెండో గేరు:
సెగ్మెంట్‌ను ‘హజార్డస్’ అని ఫ్లాగ్ చేస్తే టైముల పట్టిక కనబడదు. పోటీ తగ్గుతుంది. చట్టం సంగతి మాత్రం అలాగే ఉంది.

కొత్త రైడర్ 29:
గంట హ్యాండిల్‌కే కట్టాలా? దిగేటప్పుడు దానంతటదే మోగేది దొరుకుతుందా?

హార్డ్‌టెయిల్ హరి:
దొరుకుతుంది, నేనూ అదే కొంటున్నా. ఫ్లాగ్ చేస్తాను, సెగ్మెంట్ మాత్రం తీయను. ఆదివారం ఆరింటికే పూడూరు వస్తున్నా. టేపు కూడా తెస్తున్నా అన్నా, గాడి కొలుద్దాం.

మొరం మనిషి:
పార కూడా తీసుకురా.