ప్రోటీన్‌లోని రాగికి ఎక్సాఫ్స్: మొదటి బీమ్‌టైమ్‌కి ముందు ఏం సర్దుకోవాలి?

రాగిరేకు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో బయోకెమిస్ట్రీ పీహెచ్‌డీ చేస్తున్నాను, మూడో ఏడు. నా ప్రోటీన్ ఒక బ్యాక్టీరియాది, 15 కిలోడాల్టన్లు. మూడు హిస్టిడీన్లు (ఒక అమైనో ఆమ్లం) కలిసి ఒక రాగిని పట్టుకుంటాయని సీక్వెన్స్‌ని బట్టి అనుకుంటున్నాం. క్రిస్టల్ ఎంతకీ రావడం లేదు. అందుకే ఎక్స్-రే శోషణ వర్ణపటం (ఎక్సాఫ్స్; రాగి చుట్టూ ఏ పరమాణువులు ఎంత దూరంలో ఉన్నాయో చెప్పేది) తీద్దామన్నారు మా సార్. బీమ్‌టైమ్ (సింక్రోట్రాన్ అనే ఎక్స్-రే యంత్రం మీద మనకిచ్చే సమయం) దొరికింది, ఇంకా ఐదు వారాలుంది. మోడల్ కాంపౌండ్లు ముందుగా ఇండోర్‌లో ఇండస్-2 సింక్రోట్రాన్ మీద తీస్తాం, ప్రోటీన్ మాత్రం విదేశానికి పంపాలి.

ప్రస్తుతం ప్రోటీన్ 0.3 మిల్లీమోలార్ ఉంది, బఫర్ ట్రిస్, హిస్-టాగ్ (శుద్ధి కోసం తగిలించిన ఆరు హిస్టిడీన్ల తోక) ఇంకా తీయలేదు. లోహాల మోతాదు కొలిచే ఐసీపీ-ఎంఎస్‌లో ఒక్కో ప్రోటీన్‌కి రాగి 1.7 వచ్చింది. మా ల్యాబులో ఈ పని ఇంతకుముందు ఎవరూ చేయలేదు, అడుగుదామంటే మనిషి లేడు. దొరికింది 48 గంటలే. ఎక్కడ పొరపాటు చేస్తానో అని టెన్షన్‌గా ఉంది. చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

నైట్‌షిఫ్ట్

తమ్ముడూ, ఐదు వారాలు చాలు. కానీ ఆ 1.7 సంగతి ముందు తేల్చు, మిగతావి తర్వాత.

సైటు ఒకటే అంటున్నావు, రాగి 1.7 ఉంది. ఆ మిగిలిన 0.7 ఎక్కడ కూర్చుంది? ఆరు హిస్టిడీన్ల తోకను అలాగే ఉంచి రాగి పోస్తే ఆ తోక ఊరుకోదు. అది నికెల్ కాలమ్‌కి అతుక్కునేది కూడా ఆ గుణంతోనే కదా. ఎక్సాఫ్స్ చెప్పేది శాంపిల్‌లో ఉన్న రాగి పరమాణువులన్నిటి సగటు. పైగా నీ సైటులోనూ హిస్టిడీన్లే, తోకలోనూ హిస్టిడీన్లే. హిస్టిడీన్‌లోని ఇమిడజోల్ వలయం వల్ల 3, 4 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర వచ్చే గుర్తులు చక్కగా కనిపిస్తాయి, నువ్వు సంతోషపడతావు. అవి సైటువో తోకవో స్పెక్ట్రమ్‌ని బట్టి ఎవరూ చెప్పలేరు. టెవ్ ప్రోటియేజ్ అనే ఎంజైమ్‌తో తోక కోసెయ్. తర్వాత రాగి 0.9 వంతు మాత్రమే కలుపు, ఒకటి దాటనివ్వకు. డీసాల్టింగ్ కాలమ్ మీద పోసి మళ్లీ ఐసీపీ చేయించు. ట్రిస్ కూడా రాగిని పట్టుకుంటుంది కాబట్టి మాప్స్ బఫర్‌కి మారిపో.

గాఢత 1 మిల్లీమోలార్‌కి తీసుకెళ్లు. 100 మైక్రోలీటర్లకు నీ ప్రోటీన్ 1.5 మిల్లీగ్రాములే అవుతుంది, అసాధ్యమేమీ కాదు. గ్లిసరాల్ 20 నుంచి 30 శాతం కలుపు. గ్లిసరాల్ లేకుండా ద్రవ నైట్రోజన్‌లో ముంచితే శాంపిల్ వడగల్లులా తెల్లగా గడ్డకడుతుంది. కలిపితే గాజులా అవతలి వేలు కనిపించేంత స్వచ్ఛంగా ఉంటుంది. ఆ తేడా కంటితో చూస్తేనే తెలిసిపోతుంది. తెల్లగా వచ్చినదాన్ని డ్రై షిప్పర్‌లో (ద్రవ నైట్రోజన్ చలిలో శాంపిళ్లు పంపే డబ్బా) పెట్టకు. క్యువెట్ (శాంపిల్ పోసే చిన్న గిన్నె) కిటికీకి తేనె రంగు కాప్టన్ టేపు అంటిస్తారు, దాని మూలల్లో బుడగలు ఉండిపోకుండా సిరంజితో అడుగు నుంచి నెమ్మదిగా నింపు.

గ్లోవ్స్ విషయం కూడా చూసుకో. రబ్బరు గ్లోవ్స్ నుంచి జింక్ వస్తుంది. రాగి కె-ఎడ్జ్ (శోషణ ఒక్కసారిగా పెరిగే శక్తి) 8979 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, జింక్‌ది 9659 దగ్గర. శాంపిల్‌లో జింక్ ఉంటే సరిగ్గా అక్కడ ఒక మెట్టు లేస్తుంది, నీ రాగి డేటా కె విలువ (బయటికెళ్లిన ఎలక్ట్రాన్ తరంగ సంఖ్య) 13 దగ్గరే ఆగిపోతుంది. జింక్ లేని గ్లోవ్స్ వాడు, బఫర్‌ని లోహాలను పట్టేసే కీలెక్స్ రెసిన్ మీద పోసి తీసుకో.

ఇక అసలు సంగతి. పీహెచ్‌డీ రెండో ఏడు నాది కూడా రాగి(2) ప్రోటీనే. ఒకే చోట 14 స్కాన్లు తీసి అన్నీ సగటు చేశాను. నాయిస్ ఎంత తక్కువంటే గీత గీసినట్టుంది. ఎడ్జ్ ఎక్కే దారిలో 8984 దగ్గర చిన్న బుడిపె ఉంది. అది రాగి(2)కి ఒక ఎలక్ట్రాన్ చేరితే వచ్చే రాగి(1) లక్షణం. నా ప్రోటీన్‌లో రెండు స్థితులూ కలిసి ఉన్నాయని నాలుగు నెలలు కూర్చుని దానికి కథ అల్లాను. ఒకరోజు గ్రూప్ మీటింగ్‌లో ఒక సీనియర్ "మొదటి స్కాన్, పద్నాలుగో స్కాన్ ఒకదాని మీద ఒకటి వేశావా?" అని అడిగారు. వేశాను. మొదటిదాంట్లో బుడిపె లేనే లేదు. స్కాన్ స్కాన్‌కీ పెరుగుతూ వచ్చింది. ప్రోటీన్‌ది కాదు, బీమ్‌ది అది. ఎక్స్-రేలు నీటి నుంచి, గ్లిసరాల్ నుంచి ఎలక్ట్రాన్లను రాలగొడతాయి. 10 కెల్విన్‌లో కూడా కొన్ని రాగి దాకా చేరతాయి. చలి ఆ పనిని నెమ్మదింపజేస్తుంది, ఆపదు. శాంపిల్‌ని చల్లగా ఉంచే క్రయోస్టాట్ నుంచి ఆ క్యువెట్ తీసినప్పుడే బీమ్ తగిలిన చోట సన్నగా అడ్డంగా ఒక ముదురు చార ఉంది. ఆ రాత్రే దాన్ని సరిగ్గా చూసి ఉంటే నాలుగు నెలలు మిగిలేవి.

అందుకని ప్రతి స్కాన్‌కీ చోటు మార్చు. చోటు మార్చేటప్పుడు షట్టర్ మూసెయ్. బీమ్ మరీ బలంగా ఉంటే అల్యూమినియం ఫిల్టర్ అడ్డం పెట్టు. ఎడ్జ్ చుట్టూ మాత్రమే త్వరగా ఒక స్కాన్ తీసి దాన్ని విడిగా దాచుకో, రాగి ఏ స్థితిలో ఉందో చెప్పడానికి నీకు సాక్ష్యం అదే. రెండు క్యువెట్లు కాదు, కనీసం ఆరు పంపు.

రాగిరేకు

అక్కా, 1.7 గురించి ఇలా ఆలోచించనే లేదు. రాగి బాగా పట్టిందనే అనుకున్నాను. తోక కోయడం రేపే మొదలుపెడతాను.

ఇంకొక్కటి. అలవాటు కోసం రాగి రేకు డేటాని ఎథీనా సాఫ్ట్‌వేర్‌లో వేసి చూశాను. పరమాణువుల మధ్య దూరం 2.55 ఆంగ్‌స్ట్రామ్‌లు ఉండాలి, పీక్ 2.2 దగ్గర వచ్చింది. ఎక్కడ తప్పు చేశాను?

నైట్‌షిఫ్ట్

తప్పేమీ లేదు. బయటికెళ్లిన ఎలక్ట్రాన్ అల పక్క పరమాణువుని తాకి తిరిగి వచ్చేటప్పుడు దాని దశ మారుతుంది. ఆ మార్పుని సవరించకుండా ఫూరియే ట్రాన్స్‌ఫామ్ చేస్తే పీకులన్నీ దాదాపు 0.3 నుంచి 0.5 దాకా దగ్గరికి జరిగి కనిపిస్తాయి. నీ ప్రోటీన్‌లో రాగి-నైట్రోజన్ పీక్ 1.5 దగ్గర కనిపిస్తుంది, కంగారుపడకు. ఎథీనాకి తోడుగా ఉండే ఆర్టెమిస్‌లో ఫిట్ చేశాక 1.95 నుంచి 2 మధ్యలో తేలుతుంది.

దూరం నమ్మకంగా వస్తుంది, 0.02 ఆంగ్‌స్ట్రామ్‌ల తేడాతో. ఎన్ని పరమాణువులు ఉన్నాయన్న లెక్కకి మాత్రం 20 శాతం అటూ ఇటూ వదిలెయ్యి. నైట్రోజన్‌నీ ఆక్సిజన్‌నీ విడదీయలేవు. కె 2 నుంచి 12 దాకా డేటా ఉంటే, 0.16 కన్నా దగ్గరగా ఉన్న రెండు దూరాలు నీకు ఒకటిగానే కనిపిస్తాయి. రెండు షెల్స్ (రెండు వేర్వేరు దూరాల గుంపులు) పెడితే ఫిట్ అందంగా వస్తుంది కాబట్టి పెట్టాలనిపిస్తుంది. పెట్టకు.

క్రిస్టల్ రాలేదని బాధపడకు కూడా. 2005లో జుంకో యానో, విట్టల్ యాచంద్ర బృందం ఫొటోసిస్టమ్-2 (కిరణజన్య సంయోగక్రియలోని ప్రోటీన్ సముదాయం) క్రిస్టల్స్ మీద ఇదే శోషణ పద్ధతితో చూశారు. క్రిస్టల్ నిర్మాణం తీయడానికి వాడే మోతాదులో ఎక్స్-రేలు తగిలేసరికి అక్కడి మాంగనీస్‌లో ఎక్కువ భాగం మాంగనీస్(2)గా మారిపోయి, క్లస్టర్ చెదిరిపోతోందని తేలింది. చెదరని నిర్మాణం 2015లో వచ్చింది, జపాన్‌లోని సక్లా ఎక్స్-రే లేజర్‌లో, నష్టం మొదలయ్యేలోపే ముగిసిపోయే ఫెమ్టోసెకండ్ పల్సులతో. ఆకు పచ్చగా ఉన్నంతకాలం నీటిని విడగొట్టే లోహపు ముద్ద అది. దాని అసలు రూపం చూడటానికి అంత జాగ్రత్త పడాల్సి వచ్చింది. నాకు ఈ పని మీద ఇష్టం కలిగింది ఆ పేపర్ చదివాకే.

కణంలోజింక్

నేను ప్రోటీన్ కాదు, కణాల మీద ఎక్స్-రే ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపీ చేస్తాను. లోహం ఎక్కడ ఉందో, ఎంత ఉందో మాకు పటంలా కనిపిస్తుంది. షికాగో దగ్గర అడ్వాన్స్‌డ్ ఫోటాన్ సోర్స్‌లో ఎలుక అండాలని ఇలాగే చూశారు. అండం పక్వమయ్యేటప్పుడు దాదాపు 2,000 కోట్ల జింక్ పరమాణువులను అదనంగా లోపలికి తీసుకుంటుందని 2010లో చెప్పారు. ఫలదీకరణ అయ్యాక అందులో కొంత భాగాన్ని విడతలు విడతలుగా బయటికి చిమ్ముతుంది. మీ బ్యాక్టీరియాలో రాగి ఎక్కడ పేరుకుంటోందో కూడా ఎప్పుడైనా చూడండి. కాకపోతే కణాలను ఫార్మాల్డిహైడ్ లాంటి రసాయనాలతో ఫిక్స్ చేస్తే లోహాలు కదిలిపోతాయి, ఒక్కసారిగా గడ్డకట్టించడమే మేలు.

రాగిరేకు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. తోక తీశాక ఐసీపీలో రాగి 0.88. మొదటి రెండు క్యువెట్లు తెల్లగా వచ్చాయి, పారబోశాను. గ్లిసరాల్ 25 శాతానికి పెంచాక ఆరూ గాజులా ఉన్నాయి. డ్రై షిప్పర్ సోమవారం బయలుదేరుతుంది.

నైట్‌షిఫ్ట్

చాలా సంతోషం తమ్ముడూ. షిప్పర్‌ని పంపేముందు ఖాళీదీ, నింపిందీ రెండుసార్లు తూకం వేసి రాసుకో. దారిలో నైట్రోజన్ ఎంత పోయిందో అక్కడివాళ్లు తూకంతోనే చూస్తారు. మొదటి క్యువెట్‌లో మొదటి స్కాన్, మూడో స్కాన్ ఒకదాని మీద ఒకటి వేసి 8984 దగ్గర పెద్దది చేసి ఇక్కడ పెట్టు. మీకు పగలైతే నాకు రాత్రి, అయినా మెలకువగానే ఉంటాను.