ఫైర్‌బాల్ పేలిందా, ప్రేలిందా?

హాస్టల్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ మాటలతో కథ నడిపే ఆట) ఆడేటప్పుడు ఆట నడిపే అన్న మంత్రాలన్నీ తెలుగులోనే చెప్పేవాడు. ఫైర్‌బాల్ వంతు వస్తే లైటార్పి, చూపుడువేలు ముందుకు చాపి, “వేలి కొసనుంచి వెలుగు చార దూసుకుపోయి, అల్లంత దూరాన గుప్పున...” అనేవాడు. ఆ తర్వాతి మాట ‘ప’తో మొదలవుతుంది, అంతే గుర్తుంది. పేలిందా, ప్రేలిందా? ఆదివారం మా పిల్లలతో ఆడించాలి, వారం నుంచి ఇదే టెన్షన్.

— ప్రేలింది అయ్యుండదండీ. ప్రేలడమంటే నోటికొచ్చినట్టు వాగడం, మా అమ్మమ్మ “ప్రేలకు” అనే తిట్టేది. పేలాలు అంటాం గానీ ప్రేలాలు అనం కదా.

— మరి పేపర్లలో ‘ప్రేలుడు పదార్థాలు’ సంగతేంటి? క్రొత్త కొత్తయింది, ప్రాత పాతయింది, ప్రేలు పేలయింది. మంత్రానికి ఆ రావత్తు బరువు ఉండాల్సిందే.

— రావత్తు తర్వాత చూద్దాం, అసలది పేలుడేనా? 2000లో వచ్చిన ఆ ఆట రూల్స్ పుస్తకం మూడో ఎడిషన్‌లో చూడండి, ఒత్తిడి దాదాపు ఉండదని స్పష్టంగా రాశారు. చప్పుడు కూడా సన్నటి గర్జనే. ఇరవై అడుగుల వ్యాసార్ధంలో ఉన్నవాళ్లందరినీ మంట చుట్టేస్తుంది, అంతే. భగ్గుమంది అనాలి.

— పై వారి మాటే నాదీ. ఆ మంత్రానికి కావలసిన సామగ్రి గబ్బిలం రెట్ట, గంధకం. గబ్బిలం రెట్ట నుంచి సురేకారం తీసేవారు. మా తాతయ్య దీపావళికి సురేకారం, గంధకం, బొగ్గు విడివిడిగా నూరి, చాట మీద కాగితం పరిచి వేళ్లతో కలిపేవాడు. ఆ మందు నేలమీద పోసి అంటిస్తే భుస్సుమంటుంది, గొట్టంలో బిగించి కూరితేనే పేలుతుంది. అందుకే నేను దీన్ని చిచ్చుబంతి అంటాను.

— చిచ్చు ఇప్పుడు కాపురాల్లో పెట్టేదైపోయిందండీ, పిల్లలకి నిప్పు స్ఫురించదు.

— చిచ్చుబుడ్డి స్ఫురించదా? చిచ్చరపిడుగు?

— నిప్పు మాటలు కావాలంటే తిక్కన ద్రోణపర్వం తియ్యండి. అశ్వత్థామ ఆగ్నేయాస్త్రం వేస్తే అక్షౌహిణి సేన కాలిపోయింది, కృష్ణార్జునులకి మాత్రం ఏమీ కాలేదు. ఫైర్‌బాల్‌కి సేవ్ (దెబ్బ తప్పించుకోడానికి వేసే పాచిక) నెగ్గినా సగం దెబ్బ తప్పదు, వాళ్లకి అదీ తగల్లేదు! ఆ ఘట్టం పైకి చదివితే ఒళ్లు వేడెక్కుతుంది.

— తిక్కన గొప్పే, కాదనను. కానీ మంట అంటే నన్నయ ఖాండవ దహనమే. అడవంతా కాలితే మిగిలింది మయుడు, అశ్వసేనుడు, నాలుగు శార్ఙ్గక పక్షులు.

— అడిగింది నేనే. బంతి అనగానే పువ్వు గుర్తొచ్చింది. 2014లో వచ్చిన రూల్స్ పుస్తకంలోనూ నిప్పు పువ్వులా విచ్చుకుంటుందనే ఉంది కదా. అన్న అన్నది “గుప్పున పూసింది” అయ్యుంటుందా?

— గుప్పున పూయదండీ, గుప్పుమని వాసనొస్తుంది. పూసింది అయితే ముందు మాట ‘గుత్తులుగా’ అయ్యుండాలి, ఒకసారి మళ్లీ గుర్తుచేసుకోండి.