సమాచారానికీ వాతావరణానికీ ఒకే ఉపగ్రహమా, వేర్వేరుగానా?

సముద్రతీరం: 1983 ఆగస్టులో ఛాలెంజర్ అంతరిక్ష నౌకలో వెళ్లిన ఇన్‌శాట్-1బి దూరదర్శన్ ప్రసారాలనూ, టెలిఫోన్లనూ, మేఘచిత్రాలనూ ఒక్కటే మోసింది. 2003 నాటి ఇన్‌శాట్-3ఎ తర్వాత మన దేశం ఆ పద్ధతిని వదిలేసింది. ఇప్పుడు సమాచారానికి జీశాట్‌లు, వాతావరణానికి ఇన్‌శాట్-3డిఆర్, 3డిఎస్. ఈ వేరుకాపురం వల్ల తీరప్రాంత ప్రజలకు మేలు జరగలేదన్నది నా అభిప్రాయం.

పాత ఇంజనీరు: వేరు చేయడానికి కారణం సాంకేతికమైనది. మేఘాల నుంచి వచ్చే పరారుణ కిరణాలను పట్టే గ్రాహకం అతి చల్లగా ఉండాలి. అందుకోసం దాని శీతలకం ఏ అడ్డూ లేని చీకటి ఆకాశం వైపు చూస్తూ ఉండాలి. ఆ వైపు సౌరఫలకం ఉంటే దాని వేడి, దాని మీద పడి తిరిగొచ్చే వెలుగు శీతలకాన్ని చెడగొడతాయి. కాబట్టి ఫలకాన్ని ఒక వైపే పెట్టి, ఎండ ఒత్తిడికి ఉపగ్రహం పక్కకు తిరిగిపోకుండా రెండో వైపు పొడవాటి కాడ చివర తెరచాప అమర్చారు. టీవీ, ఫోను సంకేతాలను అందుకుని తిరిగి నేలకు పంపే ట్రాన్స్‌పాండర్లకేమో విద్యుత్తు ఎంత ఉన్నా చాలదు. ఒకరికి చలి కావాలి, ఇంకొకరికి ఎండ కావాలి. రెంటినీ ఒకే చూరు కింద ఉంచితే రెండూ రాజీపడాలి. 1982లో ఇన్‌శాట్-1ఎకు ఆ తెరచాప తెరుచుకోనే లేదు. కొన్ని నెలలకే ఇంధనం అయిపోయి ఉపగ్రహం చేజారింది.

గోదావరి లంక: రెండు ఉపగ్రహాలంటే రెండు రాకెట్ల ఖర్చు. ఆ లెక్క ఎవరూ చెప్పరేం?

సముద్రతీరం: 1ఎ తెరచాప తెరుచుకోలేదు, నిజమే. 1బిది తెరుచుకుంది కదా! అది ఏళ్ల తరబడి పనిచేసింది. ఒక్క వైఫల్యాన్ని చూపి పద్ధతినే తప్పుపట్టడం న్యాయం కాదు.

పాత ఇంజనీరు: 1ఎ పోయిందన్నది నా వాదన కాదు. తెరచాప అవసరం ఎందుకు వచ్చిందో చెప్పాను. దయచేసి మళ్లీ చదవండి.

సముద్రతీరం: చదివాను. తెరుచుకున్న తెరచాప గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు.

హైదరాబాదీ: కొరియా వాళ్లు 2010లో చోలియన్-1 ఉపగ్రహాన్ని ఉమ్మడిగానే పంపి, తర్వాత 2018లో వాతావరణానికి 2ఎ, 2020లో సముద్ర పరిశీలనకు 2బి అని విడగొట్టారు. వాళ్లకూ మనకు వచ్చిన ఆలోచనే వచ్చినట్టుంది.

సముద్రతీరం: కొరియా సంగతి నాకెందుకు? ఆ రోజుల్లో ఇన్‌శాట్ ద్వారా తుపాను హెచ్చరిక నేరుగా తీరగ్రామాల్లోని పెట్టెకు చేరేది. ముందు సైరన్ మోగేది, వెంటనే తెలుగులో మాట వినిపించేది. 1990 మే తుపానుకు మా నాన్నగారు ఆ మాట విని, వలలు కూడా తీసుకోకుండా మమ్మల్ని ఊరు దాటించారు. తర్వాత ఆ పెట్టె మూగబోతే, బాగుచేయించమని ఒక కార్యాలయానికి వెళ్లాను. "ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి కదా" అని పంపేశారు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఆ ఫోన్లు ఏమయ్యాయో అందరికీ తెలుసు.

పాత ఇంజనీరు: ఊళ్లో పెట్టె పాడైతే ఆకాశంలోని ఉపగ్రహాన్ని నిందిస్తారా? ఇన్‌శాట్-3డి, 3డిఆర్ రెండూ పనిచేసినప్పుడు పావుగంటకొక చిత్రం వచ్చేది. 1బి కాలంలో అది కలలో కూడా లేదు. మీరు మాట్లాడుతున్నది మరమ్మతుల గురించి, అంతరిక్షం గురించి కాదు.

సముద్రతీరం: ఆ మాట అనడం మీకు తేలిక. పావుగంటకొక చిత్రం వచ్చేది మీ తెర మీదికి. మా రేవులోకి కాదు.

గోదావరి లంక: ఇద్దరూ కాస్త నిదానించండి.

పాత ఇంజనీరు: నిదానంగానే అడుగుతున్నాను. మీకు కావలసింది ఒకే ఉపగ్రహమా, లేక హెచ్చరికకు ఖర్చులేని దారా?

సముద్రతీరం: దారే. ఉమ్మడిగా ఉన్నప్పుడు దూరదర్శన్‌ను మోసిన ఉపగ్రహమే మా పెట్టెకూ మాట చేర్చేది. మా ఊరికని ఎవరూ విడిగా పద్దు రాయలేదు. ఇప్పుడు 2022లో పంపిన జీశాట్-24ను దాని 24 ట్రాన్స్‌పాండర్లతో సహా టాటా ప్లేకు అద్దెకిచ్చేశారు. 3డిఎస్ ఖర్చు మొత్తం భూవిజ్ఞాన శాఖ భరించింది. తుపానును చూడటానికి ఒక పద్దు ఉంది, సినిమాలు చూపించడానికి ఒక పద్దు ఉంది. చూసినదాన్ని మాకు చెప్పడం మాత్రం ఎవరి పద్దులో ఉంది?

పాత ఇంజనీరు: సొంత పద్దు ఉండబట్టే 3డిఎస్ 2024 ఫిబ్రవరిలో శ్రీహరికోట నుంచి వెళ్లగలిగింది. టీవీ వాళ్ల అవసరం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే అది ఇంకా నేల మీదే ఉండేది. పైగా మారుమూల వాతావరణ కేంద్రాల కొలతలను, ఆపదలో ఉన్నవారి సంకేతాలను అందుకునే పరికరాలు కూడా దాని మీద ఉన్నాయి.

సముద్రతీరం: అవి కింది నుంచి పైకి వెళ్లే మాటలు. నేను అడుగుతున్నది పై నుంచి కిందికి వచ్చే మాట గురించి. అద్దెకిచ్చే ప్రతి ఉపగ్రహంలోనూ ఒక వాహినిని (ఛానెల్‌ను) హెచ్చరికలకు వదలాలని ఒప్పందంలోనే షరతు పెట్టాలి. దీనికి మీరు ఒప్పుకుంటారా?

పాత ఇంజనీరు: షరతు పెడితే అద్దె తగ్గుతుంది. ఆ లోటు ఏ శాఖ భరించాలో ముందు చెప్పండి, అప్పుడు ఒప్పుకుంటాను.